తంగేడు కొమ్మ

ఆదివారాలు మేమిద్దరం తిరుపతి నుంచి సైకిళ్ల మీద కంకర దారులు పట్టేవాళ్లం. ఒక వారం అడవి కొండల్లోకి, ఇంకో వారం సముద్రం వైపు పల్లెల్లోకి. అతను నేను పనిచేసే బడిలోనే లెక్కల మాస్టారు. నేను ముందు పోయేవాణ్ణి, అతను ఎక్కడో వెనక వచ్చేవాడు. దారి చీలిన చోటల్లా, పోకూడని దారికి అడ్డంగా ఒక తంగేడు కొమ్మ విరిచి వేసి సాగిపోయేవాణ్ణి. అడవికి పోయే మా పల్లెవాళ్ల పద్ధతి అది. ఆగి ఎదురుచూసే ఓపిక నాకెప్పుడూ లేదు.

“రవ్వంత సేపు నిలబడప్పా, ఊపిరాడ్డం లేదు” అన్నాడొకసారి, ఎలాగో నన్ను అందుకుని.

“ముందు ఆ పొట్ట తగ్గించు. ఊపిరి అదే ఆడతాది” అనేసి పెడలు తొక్కాను.

అది గుండె జబ్బని తెలిసిన నెలకే అతను పోయాడు.

మొన్న ఆదివారం ఒక్కణ్ణే కొండదారిన వెళ్లాను. చీలిక దగ్గర దిగి, అలవాటు కొద్దీ కొమ్మ విరిచి అడ్డంగా వేశాను. తిరిగి సైకిలెక్కబోతుంటే, వెనక వచ్చేవాళ్లెవరూ లేరని గుర్తొచ్చింది. ఆ కొమ్మ పక్కనే కూలబడ్డాను. ఎండ నెత్తికెక్కేదాకా లేవలేదు.

అతని కోసం నేను ఆగడం అదే మొదటిసారి.