భీఖూకాకాకు నేను తొడిగిన దోమతెర

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నాన్న కాలు విరగడానికి, కొత్త ఉద్యోగం ఊడడానికి కారణం వాన కాదు, మెత్తబడ్డ గట్టు కాదు, అమ్మ అంటున్నట్టు ఎదురింటివాళ్ల దిష్టి అసలే కాదు. నేను కొన్న దోమతెర. అదీ రెండోది. మొదటిది కొంటే ఇది దాదాపు ఊరికే వచ్చింది. గుప్పెడు జాలీగుడ్డ ఒక సంసారాన్ని ముంచగలదా అని మీకు అనుమానం రావచ్చు. ముంచగలదు. నన్ను కొననిస్తే చాలు.

ఈ సంగతి డైరీలో కూడా రాయలేదు. నేను డైరీ ముందు కూడా సిగ్గుపడే రకం.

గుజరాత్‌కు బతకడానికొచ్చినవాళ్లం మేం; పర్వత్ పాటియాలో మా సందు నిండా కరెంటు మగ్గాల మీద పనిచేసే తెలంగాణ కుటుంబాలే. మగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. నాన్న నర్సయ్య ఇరవై ఎనిమిదేళ్లు సాంచాలు నడిపాడు. ఆ షెడ్డులో పక్కవాడి మాట కాదు కదా, మన మాట మనకే వినపడదు. అందుకని అక్కడ అందరూ నోరు బాగా తెరిచి, చేతులు ఊపుతూ, ఎదుటివాడి పెదాలు చూస్తూ మాట్లాడుకుంటారు. ఆ అలవాటు ఇంటికీ వస్తుంది. మా ఇంట్లో ఉప్పు అందుకోమని అడగడం కిటికీలోంచి చూసేవాళ్లకు హత్యాయత్నంలా కనిపిస్తుంది.

అలాంటి ఇంట్లో నేను చీమ తుమ్మినంత గొంతుతో పుట్టాను. బస్సులో నేను టికెట్ అడిగితే కండక్టరు నేను ప్రార్థన చేసుకుంటున్నానని పక్కకు వెళ్లిపోయేవాడు. కాలేజీలో హాజరు పలికినా గైర్హాజరే. ఒక్క నాన్నకే నా ప్రతి మాటా అర్థమయ్యేది. "నా బిడ్డ మాట నాకు మంచిగ ఇనవడ్తది. మీకే చెవుల్లేవు" అని అమ్మతో గొప్పగా అనేవాడు. లోకంలో నా గొంతుకు విలువిచ్చే మనిషి ఒక్కడున్నాడని పదిహేనో ఏట డైరీలో నాలుగు పేజీలు రాసుకున్నాను. ఆ పేజీలు ఇప్పుడు చదవలేను.

ఈ ఏడాది వానలకు ముందు షెడ్డు యజమాని పాత సాంచాలను తుక్కుకు అమ్మేసి కొత్త యంత్రాలు పెట్టాడు. వాటికి మనుషులు పెద్దగా అక్కర్లేదు. నాన్న రెండు నెలలు ఇంట్లో కూర్చుని, ఫ్యాను తిరగడం చూశాడు. చివరికి ఓల్పాడ్ అవతల సముద్రం వైపు రొయ్యల చెరువుల దగ్గర కావలి పని దొరికింది. గట్ల మీద రోజూ నాలుగు సార్లు తిరగాలి, తూములు చూడాలి, కొంగల్ని తోలాలి, ఆదివారంతో సహా వారంలో ఆరు రోజులు అక్కడే డేరాలో ఉండాలి. "నెల రోజులు చూస్తాను. బాగుంటే పర్మనెంట్. బూట్లు, రెయిన్‌కోటు, టార్చి, డేరా నీవే తెచ్చుకో" అన్నాడు చెరువుల యజమాని శేఠ్. యాభై రెండేళ్ల సాంచాల మనిషికి ఇంకో పని దొరకదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ నెల దాటాలి. అంతే.

సామాను కొనే బాధ్యత నా మీద పడింది. కారణం, నేను చదువుతాను. ఏం చదువుతానో ఎవరికీ తెలియదు, కానీ చదువుతాను. తొమ్మిది రోజులు ఫోన్లో సమీక్షలు చదివాను. మంచుకొండలెక్కేవాళ్లు కూడా బూటు అడుగు గురించి అంత చదివి ఉండరు. తక్కువ ధరలో బతికి బయటపడడం ఎలా అని డైరీలో గళ్లు గీసి మరీ రాసుకున్నాను.

స్టేషన్ వెనక సందులో క్యాంపు సామాన్ల కొట్టుకు నాన్నను తీసుకెళ్లాను. అక్కడ ఆయన మొదట చేసిన పని, రెయిన్‌కోటు అంచును బొటనవేలితో నలిపి, వెలుతురుకెత్తి చూడడం.

"ఏంది బిడ్డా ఇది? పోగు లేదు, అల్లిక లేదు."

"నాన్నా, అది నేసింది కాదు. ప్లాస్టిక్."

"గదే అంటున్న. బట్ట కానిదాన్ని బట్టలెక్క మడతపెట్టి అమ్ముతుండు."

కొట్టతను హిందీలో నవ్వాడు. "భాయ్, వాన ఆపితే చాలదా? దీన్ని పెళ్లికి కట్టుకుంటావా?"

"అచ్ఛా, అచ్ఛా" అన్నాడు నాన్న, తల వంచి కోటు కుట్టు చూస్తూ.

గమ్‌బూట్లు ఆయన కొలత కంటే ఒక నంబరు పెద్దవి తీసుకున్నాం. చౌకగా వచ్చాయి. రెండు జతల సాక్సులు వేసుకుంటే సరిపోతాయని ఎవరో సమీక్షలో రాశారు. ఆ ఎవరో ఎక్కడున్నా చల్లగా ఉండాలి. తర్వాత డేరా. అట్టపెట్టె మీద ఇద్దరు పడతారని ఉంది. నాన్న కొట్టులోనే దాన్ని వేయించి, లోపల పడుకుని, తల ఒక్కటే బయటపెట్టాడు.

"బిడ్డా, తలనన్న వడ్తది, కాళ్లన్న వడ్తయి. ఏది బయట పెట్టాల్నో జర అడుగు."

"మోకాళ్లు ముడుచుకుంటే ఇద్దరు పడతారు" అన్నాడు కొట్టతను.

"అయితే నాకు రెండు మోకాళ్లే. ఒక్కణ్నే వడ్త."

టార్చి పట్టుకుంటే చందమామకు చెమట పట్టేలా ఉంది. అన్నీ కట్టించి బయటికి రాబోతుంటే నా గళ్ల పట్టీలో చివరి వరుస గుర్తొచ్చింది: ఉప్పునీటి దోమలు. తలకు టోపీలా తొడుక్కుని మెడ దగ్గర తాడు లాగే నల్లటి జాలీ. ఒకటి చూపించి, రెండు తీసుకుంటే లాభమన్నాడు కొట్టతను. వద్దనడానికి గొంతు ఉండాలి కదా? రెండూ తీసుకున్నాను. రెండోది ఇంట్లో అల్మారాలో ఉండిపోయింది. అక్కడే ఉండిపోతే ఈ కథ లేదు.

రెండు వారాలు అద్భుతంగా గడిచాయి. ఆదివారాలు నేను టిఫిన్ డబ్బా పట్టుకుని చెరువుల దగ్గరికి వెళ్లేదాన్ని. నాన్నతోపాటు కావలి కాసేది భీఖూకాకా. అరవై దాటిన మనిషి, తెల్లమీసం, దవడలో ఎప్పుడూ పొగాకు. గుజరాతీ కలిపిన హిందీలో మాట్లాడతాడు. మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"నీ తండ్రి బంగారం, బేటీ. నా పెళ్లాం ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి నా మాట వినలేదు. ఈయన నా నోట్లోంచి మాట రాకముందే వినేస్తాడు. నా మొహం మీంచి చూపు తిప్పడు!"

నేను మురిసిపోయాను. ఇంత తెలివిగల అమ్మాయిని, తొమ్మిది రోజులు సమీక్షలు చదివినదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించాలా వద్దా?

ఆలోచించలేదు. కాకా మొహం దోమకాట్లతో ఉబ్బి ఉండడం మాత్రం చూశాను. మూడో ఆదివారం రెండో జాలీ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను.

"ఇదేంటి? ఇది వేసుకుంటే కొత్త పెళ్లికూతుర్లా ఉంటాను."

"వేసుకోండి కాకా."

"మరి పొగాకు ఉమ్మేదెట్లా?"

"ఎత్తి ఉమ్మండి కాకా. నాకోసం వేసుకోండి."

పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏ విషయానికీ బలవంతపెట్టినదాన్ని కాదు. నా జీవితంలోని మొట్టమొదటి పట్టుదలను ఆ జాలీ మీద ఖర్చుపెట్టాను. ముసలాయన నా మాట తీసెయ్యలేక తొడుక్కున్నాడు. నేనే తాడు బిగించాను.

సాయంత్రం, ఇంకా ఎండ పోలేదు. డేరా ముందు ముగ్గురం టీ తాగుతున్నాం. నల్లజాలీ వెనకనుంచి కాకా అడిగాడు.

"నర్సయ్యా, మూడో చెరువు తూము చూశావా?"

"అచ్ఛా" అన్నాడు నాన్న.

"చూశావా అంటుంటే?"

"అచ్ఛా, అచ్ఛా."

కాకా నా వైపు తిరిగి మోచేత్తో తట్టాడు. "నర్సయ్యా, నీ టీ నేను తాగనా?"

"అచ్ఛా" అన్నాడు నాన్న నవ్వుతూ. కాకా జాలీ ఎత్తి నాన్న గ్లాసు ఖాళీ చేశాడు. నాన్న ఆశ్చర్యంగా చూశాడు. కాకా పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. మీరూ నవ్వితే నవ్వండి, తప్పులేదు. నేను నవ్వడమే తప్పు.

మూడు రోజులుగా వాన పడి ఆ మధ్యాహ్నమే తెరిపిచ్చింది. ఆ పూట గస్తీకి కాకా ముందుగా వెళ్లి మూడో చెరువు తూము దగ్గర నిలబడ్డాడు. నాన్న గట్టు మీద అటువైపు నడుస్తున్నాడు. నేను వెనక ఇరవై అడుగుల దూరంలో, ఖాళీ డబ్బా పట్టుకుని. గట్టు లోపలినుంచి కోసుకుపోవడం అవతలివైపు నుంచి కాకాకు కనిపించింది.

"నర్సయ్యా, ఆగు! గట్టు కూలుతోంది! అటు రాకు!"

నాన్న చెయ్యెత్తి ఊపాడు. "అచ్ఛా, అచ్ఛా!" నడక ఆపలేదు.

కాకా రెండు చేతులూ ఊపుతూ గొంతు చించుకున్నాడు. జాలీ తీయాలని ఆయనకెందుకు తోస్తుంది? నోరు కనపడకపోతే మాట వినపడని మనిషి ఉంటాడని ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. నేను అరిచాను. నిజంగా అరిచాను. కొంగలు లేచిపోయాయి. నా గొంతులో అంత శబ్దం ఉందని నాకే అప్పుడు తెలిసింది.

"నాన్నా! ఆగు!"

నా గుసగుసలన్నీ విన్న నాన్న, ఇరవై అడుగుల దూరంలో నేను వేసిన కేకకు తల తిప్పలేదు.

గట్టు పెద్ద చప్పుడేం చెయ్యలేదు. తడిసిన రొట్టెలా విడిపోయింది. నాన్న కింద కాలువలోకి జారిపోయాడు, తూము రాళ్ల మధ్య కాలు ఇరుక్కుంది. ఒక నంబరు పెద్ద బూటు నిండా బురదనీళ్లు చేరి కాలును వదల్లేదు. పరుగెత్తుకొచ్చిన ముగ్గురు పనివాళ్లు, కాకా కలిసి లాగితే నాన్న వచ్చాడు, బూటు రాలేదు. ఎముక మాత్రం లోపలే రెండైంది.

శేఠ్ జీపులో వచ్చాడు. చెడ్డవాడు కాదు. మంచం మీద కూర్చోబెట్టిన నాన్న వెనక నిలబడి, ఎందుకో, "నర్సయ్యా" అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి చప్పట్లు కూడా కొట్టాడు. నాన్న తన కాలి వైపే చూస్తూ కూర్చున్నాడు. కాకా అప్పుడు జాలీ తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. నన్నూ అడగలేదు.

"కాలు అతుక్కుంటుంది బెహన్" అన్నాడు శేఠ్ నాతో. "చెవులు లేని మనిషిని కావలి ఎలా పెట్టుకోను?" ఆస్పత్రి ఖర్చు తానే పెట్టుకుని, మర్నాటినుంచి ఇంకొకణ్ని పెట్టుకున్నాడు.

ఇంట్లో ఈ మాట ఎవరూ నమ్మలేదు. "ఈయనకు చెవుడా?" అంది అమ్మ, నాన్న ఎదుట నిలబడి చేతులూపుతూ. "మరి రోజూ నేను తిట్టే తిట్లు ఎట్ల ఇంటుండు?"

"శేఠ్‌గాడు అవద్దమాడుతుండు" అన్నాడు నాన్న. "కాలు ఇరిగినోన్ని పనికెల్లి తీసేసిండని నలుగురు అంటరని చెవులమీద పెట్టిండు. నాకేమైంది? మంచిగనే ఇనవడ్తది." చెవుల డాక్టరు దగ్గరికి రమ్మంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరిగినవాడికి ఇక ఏం చెప్పినా ఒకటే కదా.

కాబట్టి అట్టుడికే మా పర్వత్ పాటియా సందు సాక్షిగా, నా గళ్ల పట్టీ సాక్షిగా నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఒకటి కొంటే ఇంకొకటి వచ్చేదాన్ని ఈ జన్మలో తాకను. వద్దన్న మనిషికి నా మంచితనాన్ని తలకు తొడిగి తాడు బిగించను. కాళ్ల కొలత, డేరా కొలత చూసినంత శ్రద్ధగా, అవి తొడుక్కునే మనిషిని ఒకసారి చూసుకుంటాను. తొమ్మిది రోజులక్కర్లేదు, తొమ్మిది నిమిషాలు చాలు.

మొన్న బుధవారం మధ్యాహ్నం అమ్మ తాను రాళ్లు అతికిన చీరలు అప్పజెప్పడానికి వెళ్లింది. నాన్న సిమెంటు కట్టు కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు. నిజం చెప్పెయ్యాలని ఎదురుగా కూర్చున్నాను. సిగ్గు, భయం రెండూ ముంచుకొచ్చాయి. చున్నీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని మొదలుపెట్టాను. రెండు జాలీలు కొన్నానని చెప్పాను. కాకా వద్దంటే బలవంతంగా తొడిగానని చెప్పాను. టీ తాగినప్పుడు నవ్వానని, గట్టు మీద అరిచానని, ఆయన తిరగకపోతే అప్పుడు తెలిసిందని చెప్పాను. అంతా చెప్పాను. చెప్పి తలెత్తాను.

నాన్న నా కళ్లలోకి చూడడం లేదు. కాస్త కిందికి, చున్నీ వైపు చూస్తున్నాడు. "అచ్ఛా" అంటాడనుకున్నాను. అనలేదు.

"మూతి మీది గుడ్డ తియ్యి బిడ్డా. నాకు ఇనవడ్తలేదు."