బ్యాటరీ లేని బండి హారన్

దయ్యాలతో నాకెప్పుడూ పేచీ లేదు. లేనివాళ్లతో పేచీ ఏముంటుంది? తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా క్లాసులో ఉన్నవాళ్లే సగంమంది లేనట్టు ఉంటారు, ఇక నిజంగా లేనివాళ్ల గురించి ఆలోచించే తీరిక నాకు ఏనాడూ దొరకలేదు.

ఇది మా అక్క ఊరు ఐరాలలో, పట్టపగలు జరిగింది. ఆ ఊరి గురించి అబద్ధం చెప్పడం కూడా కష్టం. పక్కనే కాణిపాకం, ప్రమాణాలకు పేరుపడ్డ వినాయకుడి గుడి. నమ్మనివాళ్లు "పద, దేవుడి ముందర ప్రమాణం చేస్తువు" అంటారు. ఆటో కూడా వాళ్లే పిలుస్తారు.

మా బావ టాక్సీ నడిపేవాడు. డీజిల్ కారు. చిత్తూరులో దిగిన భక్తులను కాణిపాకానికి, అక్కడి నుంచి తిరుపతికి తిప్పేవాడు. గుండెపోటుతో ఉన్నట్టుండి పోయాడు. కారు ఇంటి పక్కన రేకుల షెడ్డులో నిలిచిపోయింది.

ఏడుపు కాస్త తగ్గాక అక్క ఎవరూ అనుకోని పని చేసింది. డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, బండి కాగితాలు తన పేరుకు మార్పించుకుంది. ఊళ్లో కొందరికి నవ్వొచ్చింది. ఆమె మరిదికి నవ్వు రాలేదు గానీ, పాత ఇనుము కొనేవాడి ఫోన్ నంబరు మాత్రం ఎక్కడి నుంచో వచ్చింది.

శుక్రవారం మంచిదని అక్క బండికి స్నానం చేయించి, బొట్టు పెట్టి, తాళం తిప్పింది. 'టక్' అని ఒకే చప్పుడు. అంతే. ఇంజన్ సీజై బిగుసుకుపోయిందని మరిది అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. మర్నాడు మధ్యాహ్నం ఇనుము కొనేవాడి లారీ వస్తుందన్నాడు. కొత్త ఇంజన్ వేయించే స్తోమతు అక్కకు లేదు. ఈ బండి కదలకపోతే ఆమెకు మిగిలేది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ కూలి.

శనివారం పొద్దున నాకు తెలిసిన మెకానిక్ మునిరత్నాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. తన బ్యాటరీ కూడా తెచ్చుకున్నాడు. పాతది తీసేసి అది తగిలిస్తే లైట్లు బాగానే వెలిగాయి, స్టార్టర్ మాత్రం మళ్లీ 'టక్'. నాలుగో గేరు వేసి ఇద్దరం నెట్టాం. చక్రాలు తిరగలేదు, మట్టిలో గీసుకుంటూ జరిగాయి. బెల్టుతో తిరిగేవి ఏవైనా పట్టేశాయేమోనని బెల్టు విప్పి చూశాడు. ఆల్టర్నేటర్ చేత్తో తిప్పితే తిరిగింది, ఏసీ పుల్లీ తిరిగింది. పట్టేసింది ఇంజనే.

"ఏడాదిగా నిలబెట్టినారు గదా సార్. లోపల తుప్పు పట్టుంటాది. బలంగా లాగితే ఇడస్తాది" అన్నాడు.

బ్యాటరీ తీసి అరుగు మీద పెట్టాడు. ఇంజన్‌ను చేత్తో తిప్పడానికి క్రాంక్ బోల్టుకు పానా తగిలించాడు. కదల్లేదు. అప్పుడు నాలోని లెక్చరర్ మేల్కొన్నాడు. పిడి ఎంత పొడుగైతే అంత బలమని చెప్పి, షెడ్డు వెనక పడి ఉన్న బోరు పైపు ముక్క తెచ్చి పానాకు తొడిగించాను. విద్య ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని మా నాయన అనేవాడు.

"సార్, నువ్వు చివర పట్టుకో. ఒగటి, రెండు..."

మూడు అనలేదు. హారన్ మోగింది.

ఒక పొడుగు, రెండు పొట్టి. మునిరత్నం మోకాలు గ్రిల్లుకు ఆని ఉంది. అదురు తన ఎముకకు తగిలిందని ఇప్పటికీ అంటాడు. నాకు పైపులో తెలిసింది. ఇద్దరం ఒకేసారి వదిలేశాం. వీధిలోకి వెళ్లి చూశాను. ఏ బండీ లేదు. ఒక గేదె ఉంది, దాన్ని అనుమానించే కారణం కనిపించలేదు.

అక్క తడి చేతులతో వంటింట్లోంచి వచ్చింది.

"ఎవుర్రా హారన్ కొట్టింది? నేను ఎసట్లో బియ్యం గూడా పోసేసినానే."

బావ మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడు సందు మొదట్లో అలాగే కొట్టేవాడు. ఒక పొడుగు, రెండు పొట్టి. అది వినగానే అక్క బియ్యం పోసేది. ఆయన బట్టలు మార్చుకునేసరికి అన్నం ఉడికేది.

"మేం కొట్టల్యాక్కా. బ్యాటరీ ఆడుండాది సూడు" అన్నాడు మునిరత్నం, అరుగు వైపు చూపిస్తూ. అక్క చూసింది. లోపలికి వెళ్లింది. అన్నం చూసుకోవాలి కదా.

మునిరత్నం పైపును దూరంగా పెట్టేశాడు. "నాకు మనసొప్పల్యా సార్. ముందు ఇంజెక్టర్లు ఊడదీసి సూస్తా."

సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఆ నాలుగూ తీశాక ఉత్త పానాతోనే తిప్పాడు. కొంచెం మొరాయించి ఇంజన్ తిరిగింది. ఒక రంధ్రంలోంచి పిచికారీలా నీళ్లు చిమ్మి నా చొక్కా మీద పడ్డాయి. పసుపు నీళ్లు.

"అక్కా, ఇంజన్‌కు గూడా అభిషేకం జేసినావా యేంది?" అన్నాడు మునిరత్నం.

"మీ బావ శుక్రవారం శుక్రవారం కడుగుతా ఉండె గదప్పా. మొదుటి దినమని నేను రెండు బిందెలు ఎక్కువ పోసినా. పసుపు కలిపినా."

గాలి లోపలికి వెళ్లే గొట్టాన్ని ఎలుక కొరికేసింది. బానెట్ సందుల్లోంచి దిగిన నీళ్లు ఆ దారినే పోయి ఒక సిలిండర్‌లో నిలిచాయి. నీళ్లు ఎంత నొక్కినా కుంచించుకుపోవు. కిందనున్న పిస్టన్ పైకి లేవదు. ఆ పైపుతో ఇద్దరం బలంకొద్దీ లాగి ఉంటే లోపల పిస్టన్ కడ్డీ వంగేది, ఇంజన్ నిజంగానే ఇనుమయ్యేది. నీళ్లు కుంచించుకుపోవని నేను ఏటా బోర్డు మీద రాస్తాను. పైపు చివర వేలాడుతున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

నీళ్లు కక్కించి, పాలు కలిపిన టీలా మారిన ఆయిల్ మార్చి, బ్యాటరీ తగిలించాడు. రెండుసార్లు దగ్గి, షెడ్డు నిండా పొగ వదిలి ఇంజన్ అందుకుంది. లారీ వచ్చేసరికి చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాం. లారీవాడు మా మీద కోపగించుకోలేదు. భోంచేసి వెళ్లాడు. అన్నం ఎటూ ఎక్కువే ఉంది.

ఇంతవరకైతే ఏదో ఒక సమాధానం చెప్పుకునేవాణ్ణి. బయలుదేరే ముందు అక్క హారన్ నొక్కింది. మోగలేదు. మునిరత్నం గ్రిల్లు విప్పి చూశాడు. హారన్ తీగలను కూడా ఎలుక కొరికేసింది. రెండు కొసల మధ్య నా వేలు పట్టేంత ఖాళీ. తెగిన చోట రాగి నల్లబడి ఉంది, కొత్తగా తెగినది కాదు. అంటే బ్యాటరీ ఉన్నా అది మోగకూడదు.

అక్క ఇప్పుడు భక్తులను తిప్పుతోంది. కొత్త హారన్ వేయించుకుంది, పాతదాన్ని తీయనివ్వలేదు. బండిని తడిగుడ్డతో తుడుస్తుంది, బిందె జోలికి పోదు. మునిరత్నం ఆ తర్వాత ఏ బండికీ ముందుగా పైపు తొడగలేదు.

ఆ చప్పుడు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలను ఇప్పుడూ నమ్మను. కానీ ఐరాల వెళ్లినప్పుడల్లా, ఎవరూ చూడకుండా, ఆ కారు ముందు కాసేపు నిలబడతాను. థ్యాంక్స్ చెప్పాలంటే ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. అందుకని "బావా" అంటాను. మిగతాది ఆయనకు తెలుసు.