నువ్వుగింజంత ఎడం

ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో నంద్యాల కాలేజీకి వచ్చే మా జువాలజీ మేడమ్ నరాల పాఠం వేళ్లతోనే చెప్పేవారు. రెండు చూపుడువేళ్లను నువ్వుగింజంత ఎడంలో ఎదురెదురుగా పట్టుకునేవారు.

“ఇది నరం, ఇది కండ. ఈ రెండూ తగలవు. నడుమ రసాయనం దాటి కబురు చెప్పాల. చెప్పినాక దాన్ని తుడిచెయ్యాల. తుడవకపోతే కండ అదురుతానే ఉంటాది,” అంటూ కొంగుతో ఆ సందును తుడిచేవారు. మేం నవ్వేవాళ్లం.

ఆ ఏడు పత్తికి మందు కొడుతూ మా నాయన చేలోనే పడిపోయాడు. నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట, కండలు ఒకటే అదురుతున్నాయి.

“ఎండదెబ్బప్పా, మజ్జిగ తాపండి,” అన్నాడు పెదనాయన.

నాకు మేడమ్ కొంగు గుర్తొచ్చింది.

“ఎండ కాదు పెదనాయనా, పురుగుమందు! కబురును తుడవనీకుండా చేస్తాంది,” అని అరిచాను. నాయన చొక్కా విప్పించి, ఒళ్లు కడిగించి, నంద్యాల ఆసుపత్రికి జీపెక్కించాను. బతికాడు.

సంగతంతా విన్న మేడమ్ శభాష్ అనలేదు. సుద్దముక్క నా చేతిలో పెట్టి, “ఈ పొద్దు పాఠం నువ్వు చెప్పు పాపా,” అని వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నారు.

నేను రెండు వేళ్లూ ఎత్తాను. మేడమ్ నోటుపుస్తకం తెరిచారు.