తాళంచెవి బొమ్మ

కుట్టు కంపెనీ ఆఫీసులో టైపిస్టుగా చేసే ఆవిడకు రోజుకు పదిసార్లు ఫోను పై అంచు చూసుకోవడం అలవాటు. అక్కడ చిన్న తాళంచెవి బొమ్మ ఉంటే వీపీఎన్ నడుస్తున్నట్టు, తను ఏ సైటు చూస్తున్నదీ ఆఫీసు వైఫైకి తెలియనట్టు. గ్యాస్ కట్టేశానా లేదా అని మళ్లీ మళ్లీ వంటింట్లోకి తొంగిచూసే మనిషిలా, బొటనవేలితో ఆ బొమ్మను ఒకసారి తడిమితే గానీ ఏమీ రాయదు. భోజనాల వేళ కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి, ఫోనును డబ్బా మూతకు ఆనించి, కార్మికుల ఫిర్యాదుల సైటులో రాస్తుంది. మూడు వారాలుగా ఒకటే సంగతి. కుట్టు హాలు వెనక తలుపుకు పగలంతా తాళమే, నిప్పంటుకుంటే రెండొందల మంది ఎటు పోవాలి?

ఆదివారం వాళ్లక్క ఆ ఫోనులో కూతురితో వీడియోలో మాట్లాడుతూ, "ఏంటే ఇది, మాటిమాటికీ ఆగిపోతోంది" అని విసుక్కుంది. వీపీఎన్ తెగిన క్షణాన నెట్ మొత్తం ఆగిపోయేలా తను పెట్టుకున్న సెట్టింగ్ చేస్తున్న పని అది. అక్క కోసం దాన్ని తీసేసింది, మళ్లీ పెట్టడం మరిచిపోయింది. ఇవాళ నాలుగో ఫిర్యాదు పంపి చూసేసరికి తాళంచెవి లేదు; వీపీఎన్ తెగినా ఈసారి నెట్ ఆగలేదు. రాసే ముందు తడిమినప్పుడు ఉంది, మధ్యలో ఎప్పుడు పోయిందో తెలియదు. ఇంకేం చెయ్యాలో తోచక డబ్బా మూత పెడుతూ తీస్తూ కూర్చుంది. సాయంత్రం ఆఫీసు నెట్ చూసుకునే అతను బల్ల దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "అక్కా, ఏ ఫోనులో ఏ సైటు చూశారో ఆ లిస్టు మేనేజరుగారే వచ్చి తీసుకెళ్లారు. నాకు ముందే తెలిస్తే..."

"పోనీలే తమ్ముడూ" అంది.

అతను వెళ్లాక అలవాటు కొద్దీ ఫోను తీసింది. తాళంచెవి వచ్చి కూర్చుంది, అసలెక్కడికీ పోనట్టే.