వాన లేకుండా పెరిగిన నీళ్లు

పాసయ్యాను! యాభయ్యో యేట, ఒక్క పేపరూ తప్పకుండా, బి.ఏ. పాసయ్యాను! పొద్దున ఫోన్లో ఫలితం చూసినప్పటినుంచి నల్లగండ్ల ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూనే ఉన్నాను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే మరి. ఎవరికి ముందు చెప్పాలో తోచక పెన్ను పట్టుకుంటే, ఎందుకో సముద్రం గుర్తొచ్చింది.

తొంభైల చివర, మాదాపూర్ గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. ఆ గుట్టల్లో రాళ్లు కొట్టిన మనిషి మా నాయన. ఆ మేడల్లో ఒకదానిలో లిఫ్టు నడిపేవాణ్ణి నేను. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మీట నొక్కడానికి ఒక మనిషి స్టూలేసుకుని కూర్చునేవాడు. ఒళ్లో పుస్తకం పెట్టుకుని దూరవిద్యలో డిగ్రీ చదివేవాణ్ణి. ఐదో అంతస్తులో పనిచేసే విశాఖ సారు ఒకాయన, తమ ఊరినుంచి భీమిలి దాకా ఇసుకలో నడిచి వెళ్తే ఎలా ఉంటుందో రోజుకు ఐదంతస్తుల చొప్పున చెప్పేవారు. చివరి పరీక్షకు చదువుకోవాలని నాలుగు రోజులు సెలవు తీసుకుని, ఒక్కణ్ణే రైలెక్కేశాను. ఎందుకెక్కానో ఇప్పటికీ అర్థం కాదు.

విశాఖలో దిగి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడిచాను. వీపున సంచి, అందులో పుస్తకాలు, హాల్ టికెట్, తిరుగు రైలు టికెట్. ఒక పక్క ఎర్రమట్టి దిబ్బలు, ఒక పక్క అంతూపొంతూ లేని నీళ్లు. నాకు కలుగుతున్నది సంతోషమో భయమో తేలేది కాదు. దారి తప్పడానికి వీల్లేని ఆ దారిలో కూడా తప్పిపోయినట్టే ఉండేది. రెండో రోజు సంచి బరువనిపించి, నడుమెత్తు బండ మీద పెట్టి, నీళ్లలోకి పొడుచుకొచ్చిన రాళ్ల మొన చుట్టి అవతలి ఇసుకలోకి వెళ్లాను. మా దుర్గం చెరువులో స్నానానికి దిగితే బట్టలు అలాగే పెట్టేవాళ్లం.

మధ్యాహ్నం తిరిగొస్తే నడిచిన దారి లేదు. రాళ్ల మీద అలలు విరుగుతున్నాయి, నీళ్ల మధ్య బండ నెత్తి మాత్రం కనబడుతోంది, దాని మీద నా సంచి. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. వేరే చోటికి వచ్చానేమోనని వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చి చూశాను. చేపలు ఎండబెడుతున్న ముసలమ్మను అడిగాను, "పెద్దమ్మా, వాన వడలే గద, నీళ్లెట్ల పెరిగినయ్?"

ఆమె నడుం మీద చేతులేసుకుని నవ్వింది. "సముద్రానికి వోనెందుకు బాబూ? పోటొచ్చింది. పొద్దోయేసరికి దిగిపోద్ది. పోటు కూడా తెల్దేటి, ఏ ఊరు నాయినా మీది?"

పొద్దుపోయేసరికి నా రైలు వెళ్లిపోతుంది. అది పోతే మర్నాటి పరీక్షా పోతుంది. ఈత రాదు. ఆ ఇసుకలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. నీళ్లు దిగాయి. సంచి తడవనేలేదు, హాల్ టికెట్ పొడిగానే ఉంది.

ఇంటికొచ్చి చెబితే నాయన, "ఆడ వాన వడ్డదారా?" అన్నాడు. లేదన్నాను. "వాన లేకుండ నీళ్లెట్ల పెరుగుతయ్ రా? బడి ఎగ్గొట్టే పోరగాడు గూడ గింతకన్న మంచి అబద్ధం జెప్తడు!"

ఆయన చెరువులెరిగిన మనిషి, సముద్రం చూడలేదు. భయపడి పరీక్ష ఎగ్గొట్టాననే నమ్మాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు సాకు చెప్పినా "వాన లేకుండ నీళ్లు పెరిగినయా?" అనడం మామూలైంది. చదువు అక్కడే ఆగింది. కొన్నిసార్లు నాకే అనుమానం వచ్చేది, ఈతొచ్చినవాళ్లెవరినైనా అడిగి సంచి తెప్పించుకుని, దిబ్బల పైన రోడ్డెక్కి వెళ్లిపోయి ఉండొచ్చు కదా, నిజంగానే భయపడి కూర్చున్నానా అని.

ఇప్పుడు ఆ గుట్టలు లేవు. చెరువు మీద రంగు దీపాల వంతెన వచ్చింది. ఏ తీరంలో ఏ గంటకు పోటో ఫోనే చెబుతుందట; ఏమీ తెలియక, అంతసేపు నీళ్లవైపు చూస్తూ కూర్చునే తికమక ఇప్పటి పిల్లలకు ఉండదు. అది వాళ్ల అదృష్టమో కాదో చెప్పలేను.

ఇంకా ఫోను చేయాల్సినవాళ్లు: నిజాంపేటలో అక్క. పక్క లిఫ్టు నడిపిన స్నేహితుడు. పాఠాలు చదివి రికార్డు చేసి పంపిన మేనకోడలు. తమ్ముడి దగ్గరుండే నాయన. ఆయన నంబరు మూడుసార్లు నొక్కి, మోగకముందే పెట్టేశాను. నమ్ముతాడో లేదో.