ముట్టని జవాబు

ఇరవై ఏండ్లుగా నా ట్రంకు పెట్టె అడుగున ఒక కాగితం ఉంది. మడతల దగ్గర చిరుగులు పట్టిన పాత కాగితం. తూచి చూస్తే తులం కూడా ఉండదు. అయినా దాని బరువుకు నేను వంగిపోయాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. తెలిసినవాళ్ళ ముందైతే నోరు పెగలదు. అందుకే మీకు చెబుతున్నాను. చివరిదాకా కూర్చోండి, మధ్యలో లేచిపోకండి.

మండలాలు రాకముందు సంగతి ఇది. ఎల్లారెడ్డి వైపు ఒక పంచాయతీ సమితి ఆఫీసులో నేను గుమస్తాను. ఏ ఆఫీసో చెప్పను. నా చేతిరాత బాగుంటుందని పేరు. రాతే కాదు, జవాబు రాయడంలో నా అంతవాడు లేడని కూడా పేరు. ఏడాది పొడవునా నన్ను పట్టించుకోని ఆఫీసు, ఆడిట్ వాళ్ళు దిగారంటే చాలు, నా బల్ల చుట్టూ తిరిగేది. నా కోసం చాయ్ కూడా అప్పుడే వచ్చేది.

ఆడిట్‌కు ఒక పద్ధతి ఉంది. కాగితాన్ని నిలువునా మధ్యకు మడుస్తారు. ఒక సగంలో వాళ్ళ అభ్యంతరం రాస్తారు. రెండో సగం మనకు వదులుతారు. వాళ్ళు మూటాముల్లె సర్దుకుని వెళ్ళేలోగా ఆ సగంలో జవాబు రాసి, రుజువు జతచేసి చేతికివ్వాలి. ఇస్తే ఆ గొడవ అక్కడే చల్లారుతుంది. ఇవ్వకపోతే రిపోర్టుకెక్కుతుంది, ఎక్కినదాన్ని దించడం ఎవరి తరమూ కాదు. ఆ రెండో సగం నాది. నా బతుకులో నాదని చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది.

నర్సింలు మా ఆఫీసులో గ్రామాభివృద్ధి అధికారి. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. సైకిల్ మీద ఊర్లు తిరిగేవాడు. సాయంత్రం వచ్చేసరికి క్యారియర్ మీద ఎవరో ఇచ్చిన మక్కబుట్టలో, అదే మొక్కజొన్న కంకులో, పెసరకాయలో ఉండేవి. వాటిని ముందు నా బల్ల మీదే పెట్టేవాడు. నేను తినేవాణ్ణి. తింటూనే కుళ్ళుకునేవాణ్ణి. నాకెవరూ ఒక్క మక్కబుట్ట ఇచ్చిన పాపాన పోలేదు. ఒకసారి మా అమ్మ ఏదో పని మీద ఆఫీసుకొచ్చి, ఇంటికి పోయాక ఆ పిలగాడు ఎంత మంచిగ మాట్లాడిండో అని పదిసార్లు చెప్పింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. సొంత తల్లి నోట ఇంకొకడి పేరు వింటే ఇంత మంటా? ఉంది మరి. దాచి ఏం లాభం?

ఆ రోజుల్లో రోడ్డు పనులకు కేంద్రం నుంచి బియ్యం వచ్చేవి. కూలికి బదులు బియ్యం. షరతు ఒకటే. బియ్యం పంచాక ఖాళీ గోనెసంచులు ఆఫీసుకు తిరిగి రావాలి. ఆడిట్ వాళ్ళు ముందు సంచులే చూసేవాళ్ళు. సంచి లేదంటే, బియ్యం నిండు సంచితోనే బజారుకు పోయాయని వాళ్ళ అనుమానం. లెక్క కుదిరితేనే తర్వాతి విడత బియ్యం కదులుతాయి.

నర్సింలు చూసే ఒక ఊళ్ళో వాగు దాకా రోడ్డు వేస్తున్నారు. బియ్యం పంచే రోజు కుండపోత వాన. సంచులు విప్పి కొలిస్తే బియ్యం తడుస్తాయని, ఇద్దరు ముగ్గురికి కలిపి సంచికి సంచే ఎత్తి ఇచ్చేశాడు. అక్కడే బడి అరుగు మీద కూర్చుని పేర్లు రాసి, అందరి వేలిముద్రలూ తీసుకున్నాడు. సంచులు ఇండ్లకు పోయాయి. ఒకామె తలుపుకు అడ్డం కట్టుకుంది, ఒకామె పడుకునే పిల్లకు కింద పరిచింది. పేదవాళ్ళ ఇంట్లో గోనెసంచి ఊరికే ఉంటుందా?

ఆడిట్ వాళ్ళు అడిగారు, ఖాళీ సంచులేవని. నేను కలం సర్దుకున్నాను. ఈ జవాబు నా చేతిలో పడితే ఎట్లా తిప్పి రాయాలో అప్పటికే మనసులో అనుకున్నాను. కానీ నర్సింలు తనే రాసుకొచ్చాడు. కోడిగీతల్లాంటి రాత. ఆరే వాక్యాలు. వాన పడ్డది, విప్పితే తినే బియ్యం తడుస్తాయి, అందుకే సంచులతో ఇచ్చాను, సంచులు రాలేదు, బియ్యం మాత్రం చేరవలసిన ఇండ్లకే చేరాయి, ముద్రలు జతచేశాను. అంతే.

మా ఆఫీసరు దాన్ని అందరి ముందు చదివాడు. ఇన్నేండ్లలో ఈ ఆఫీసు నుంచి పోయిన జవాబుల్లో నాకు అర్థమైనది ఇదొక్కటేనని నవ్వాడు. అందరూ నవ్వారు. నర్సింలు మాత్రం నవ్వలేదు. నా వైపు చెయ్యి చూపించి "అన్ననే నేర్పిండు సార్" అన్నాడు.

ఆ మాట మంచికే అన్నాడు. నాకు తెలుసు. మంచికే అన్నాడు కాబట్టే ఓర్చుకోలేకపోయాను. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. తన విస్తరాకులోంచి నాకింత తీసి పెట్టినట్టు పెట్టాడు. నేను కూడా పళ్ళికిలించి తల ఊపాను.

ఆడిట్ వాళ్ళు అప్పటికే కామారెడ్డికి మకాం మార్చారు. మర్నాడు పొద్దున జవాబుల కట్ట నాకిచ్చి బస్సెక్కించారు. కిటికీ పక్కన సీటు దొరికింది. కట్ట విప్పి నర్సింలు కాగితం బయటికి తీశాను. ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని వెతికాను. దొరికితే ఇచ్చేసేవాణ్ణేమో. నా మనసు చల్లబడడానికి ఒక్క తప్పు చాలు. ఏడుసార్లు చదివాను. దొరకలేదు. కామారెడ్డి వచ్చేలోపు నకలు కూడా లేని ఆ కాగితం, ముద్రల జాబితా రెండూ మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాను. కట్టను మళ్ళీ ముందులాగే కట్టాను.

వాళ్ళు బండికి వేళవుతోందని హడావుడిలో ఉన్నారు. కట్ట విప్పకుండానే నా తపాలా పుస్తకంలో ముట్టినట్టు సంతకం పెట్టారు. నేను స్టేషన్ దాకా వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? ఇద్దామనా? వాళ్ళు నిజంగా పోతున్నారో లేదో చూసుకుందామనా? సికింద్రాబాద్ బండి వచ్చింది, వాళ్ళు ఎక్కారు, నేను ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగుతూ నిలబడ్డాను. నాలుగడుగులు వేస్తే కిటికీలోంచి అందించేవాణ్ణి. వెయ్యలేదు.

కొన్నాళ్ళకు ఆ జవాబు చదివిన ఆఫీసరు బదిలీ అయ్యాడు, ఆ వెనకే రిపోర్టు వచ్చింది. సంచులకు సరైన జవాబు లేదు కాబట్టి బియ్యం దుర్వినియోగం అని తేల్చారు. నర్సింలును సస్పెండ్ చేశారు. ఆ ఊరికి తర్వాతి విడత ఆగిపోయింది, రోడ్డు వాగు చేరకుండానే నిలిచిపోయింది. అతను నన్ను ఒక్కసారే అడిగాడు, అన్నీ ఇచ్చినవా అన్నా అని. ఇచ్చాననీ, సంతకం కూడా ఉందనీ పుస్తకం తెరిచి చూపించాను. మళ్ళీ అడగలేదు. అంత నమ్మకం నా మీద ఎందుకు పెట్టుకున్నాడో అని అతని మీదే కోపం తెచ్చుకున్నాను.

ఇక్కడితో ఆగినా నన్ను సగం మనిషి అనుకునేవాణ్ణి. ఆగలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆ ఊరి ఆడవాళ్ళు ఆఫీసుకొచ్చారు. అందరి కంటే ముందు సాయవ్వ, రోడ్డు పనిలో తట్టలు మోసిన ముసలామె. నెత్తుల మీద గోనెసంచులు, ఉతికి ఆరేసి మడతపెట్టినవి. పాత ఆఫీసరు లేడు, కొత్తాయన ఇంకా రాలేదు. నా బల్ల ముందు సంచులు పేర్చి సాయవ్వ అంది:

"నర్సింలు సారు బియ్యం తినలే సారూ. మేం తిన్నం. ఇగో సంచులు."

"ఇప్పుడు తెస్తే ఏం లాభం అవ్వా? ఆడిట్ వాళ్ళు పోయిన్రు. గిప్పుడు తీసుకుంటే దొంగ లెక్క అయితది."

"గట్లయితే మల్ల ఏలిముద్రలు ఏస్తం. ఎన్ని ఏయమంటే అన్ని ఏస్తం."

"అప్పటి పనికి ఇప్పుడు ముద్ర ఏస్తే మీ మీద గూడ కేసయితది."

"తిన్న బియ్యానికి కేసేంది సారూ?" ఆమె నా ముఖంలోకి చూసింది. "మొదాలు ఏసిన ముద్రలు ఎటు పోయినయి మరి?"

"నాకేం ఎరుక?"

కేసు మాట విని మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు. సాయవ్వ సంచులన్నీ తిరిగి ఎత్తించి, తనది నెత్తి మీద పెట్టుకుని మెట్లు దిగింది. నిజం చెప్పమంటారా? ఆ నిమిషంలో కూడా నాకు సిగ్గు కంటే ముందు ఈర్ష్యే కలిగింది. నేను మునిగిపోతే నా కోసం తలుపుకు కట్టిన సంచి విప్పుకుని వచ్చేది ఎవరు?

ఏడాదికి పైగా ఇంట్లో కూర్చోబెట్టి, తర్వాత నర్సింలును ఎక్కడికో దూరంగా వేశారు. పదోన్నతి జాబితాలోంచి పేరు పోయింది. బియ్యం సారు అనే పేరు మాత్రం వెంటబడి వచ్చింది. నాకు దీంట్లో ఏమీ రాలేదు. నాకేదో రావాలనీ చేయలేదు, అతనికి ఉన్నది పోవాలని చేశాను. ముద్రల జాబితాతో సహా ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టాలని ఎన్నోసార్లు తీశాను. తీసిన ప్రతిసారీ చదివి, మళ్ళీ దాచాను.

పోయిన నెల కామారెడ్డి బస్టాండులో అతను కనబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి పరుగులాంటి నడకతో వచ్చాడు, బలవంతంగా చాయ్ తాగించాడు. పెన్షన్ కాగితాలు ఇప్పటికీ ఆ పాత రిపోర్టు దగ్గరే ఆగిపోయాయని చెప్పాడు. అప్పుడు నవ్వుతూ అన్నాడు:

"తప్పు నాదే అన్నా. ఆ జవాబు నాకు రాయరాలే. నువ్వు రాసుంటే బయటపడుతుంటి."

ఇన్నేండ్లూ అతను అట్లా అనుకుంటూ బతికాడు. ఆ మాట వినగానే నాకు ముందు ఏం కలిగిందో తెలుసా? సంతోషం. ఒక్క క్షణమే, కానీ సంతోషమే. నా కంటే బాగా రాయలేదని అతని నోటితోనే అన్నాడు కదా. ఆ క్షణం దాటాక చాయ్ సగంలోనే గ్లాసు కింద పెట్టేశాను. అప్పుడైనా చెప్పానా? చెప్పలేదు. బస్సు వచ్చిందని లేచిపోయాను.

ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తెరిచి ఇది రాయడానికి కూర్చున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇంత రాశాక ఊపిరి మాత్రం కొంచెం లోపలిదాకా పోతోంది. ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. ఇందాక ఇంకోసారి చదివాను. నర్సింలు జవాబులో తప్పు లేదు. ఒక్కటి కూడా లేదు.