తగ్గిన ఇ.ఎస్.ఆర్.

2022 వానాకాలం. సూరత్‌లో ఒక పెద్దాసుపత్రి ల్యాబులో నేను టెక్నీషియన్ని. రక్తాన్ని గిరగిరా తిప్పి నీరూ కణాలూ విడదీసే మా సెంట్రిఫ్యూజ్ మొదలైతే తాపీ నది అవతలి ఒడ్డున పావురాలు లేచిపోయేవి. దానికంటే పెద్ద చప్పుడు నాది. డాక్టరు చూడకముందే రిపోర్టు తెలుగులో చెప్పేసే అలవాటు నాకుండేది. ఖటోదరా నుంచి పల్సానా దాకా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మనవాళ్లంతా నా కిటికీ ముందే నిలబడేవారు. సగం సూరత్‌కు నేనే ధన్వంతరినని నా నమ్మకం.

సాంచాలు నడిపే రాజమల్లు ఒక ఉదయం వచ్చాడు. అతని భార్య లతకు పదిరోజులుగా జ్వరం, మా ఆసుపత్రి వార్డులోనే ఉంది.

"అన్నా, రిపోర్ట్ ఏమొచ్చింది?"

ఇ.ఎస్.ఆర్. చూశాను. ఒంట్లో మంట, వాపు ఉంటే పెరిగే లెక్క అది. మొన్నటికంటే సగానికి పడిపోయింది.

"గండం గడిచింది తమ్మీ. పో, చాయ్ తాగు."

"మరి ఒళ్లు పెనం లెక్క కాలుతున్నదేందే?"

"డాక్టర్‌వు నువ్వా, నేనా?"

ఇద్దరమూ కాదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ఫెర్రిటిన్ చేశాను. ఇనుము నిల్వను చెప్పే పరీక్ష. కొలవలేనంత ఉందని యంత్రం చేతులెత్తేసింది. నమూనా పలచన చేసి పెట్టినా అదే మాట. రక్తకణాలేమో అన్నీ అడుగంటాయి. లతను చూస్తున్న డాక్టరమ్మకు, సూరత్ మాటలో డాక్టర్ బెన్‌కు, ఫోన్ చేసి చెప్పి, "కానీ ఇ.ఎస్.ఆర్. తగ్గింది మేడమ్" అన్నాను బింకంగా.

"జ్వరం తగ్గకుండా అది తగ్గితే భయపడాలి. రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ అయిపోతోంది. ఇది హెచ్.ఎల్.హెచ్. కావచ్చు, రక్షణ కణాలే ఒంటి మీద తిరగబడే జబ్బు. ఆమెను కదలనివ్వకండి" అందామె హిందీలో.

వార్డుకు పోతే మంచం ఖాళీ. "తగ్గిందని మీరే అన్నారట. సంతకం పెట్టి ఊరికి తీసుకెళ్తున్నాడు" అంది నర్సు.

పరుగెత్తాను. నా పొట్ట నాకంటే రెండడుగులు ముందే గేటు చేరింది. కదులుతున్న ఆటోకు అడ్డం నిలబడ్డాను.

"దించు తమ్మీ. నేను తప్పు చెప్పిన."

"పొద్దుగాల గండం గడిచిందంటివి. గిప్పుడు దించుమంటవు. ఏది నమ్మాలె?"

వెనకే వచ్చిన డాక్టర్ బెన్ స్టెరాయిడ్ మొదలుపెట్టాలంది. అది రోగనిరోధక శక్తిని అణిచే మందని నేను తెలుగులో చెప్పాను. రాజమల్లు మండిపడ్డాడు.

"జరమున్న మనిషికి తాకత్ తగ్గించే మందా? చంపుతరా ఏంది?"

"దారం తెగితే నీ సాంచ ఏం చేస్తది?"

"ఆగుతది."

"ఆగకుంటే?"

"బట్టంత ఖరాబ్ చేస్తది."

"ఒంట్ల కణాలు ఒకదాన్నొకటి పనికి పిలుస్తయి. ఆ పిలుపులే సైటోకైన్లు. పనైనంక ఆగాలె. లత ఒంట్ల ఆగుతలేవు. కాపలా కణాలే ఆమె రక్తం తింటున్నయి. ఈ మందు ఆ సాంచను ఆపెటందుకు."

రాజమల్లు లతను చూశాడు. ఆమె చిగుళ్ల నుంచి సన్నగా రక్తం కారుతోంది. "ఆ సాంచను బంద్ చెయ్యిండ్రి" అన్నాడు.

మర్నాడు ఎముక మజ్జ స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒక పెద్ద కాపలా కణం, దాని కడుపులో నలిగిపోని ఎర్రకణాలు. దేన్నైనా వందింతలు చేసి చెప్పే నాకు, దాన్ని పెంచి చెప్పడానికి మాట దొరకలేదు.

లత బతికింది. చాలా వారాలు పట్టింది, తర్వాత ఇచ్చిన కీమో మందుకు జుట్టంతా ఊడింది. ఇంటికి వెళ్లే రోజు రాజమల్లు కిటికీ దగ్గర ఆగాడు.

"ఆటోకు అడ్డం వడ్డది యాదికున్నదన్నా" అన్నాడు. సంచి భుజానికెత్తుకుంటూ, "ఆ పొద్దటి మాట గూడ యాదికున్నది."

నాక్కూడా. ఇప్పటికీ కిటికీ ముందు మనవాళ్లు నిలబడతారు. కాగితం చూడకముందు నేనే అడుగుతాను: "మనిషెట్లున్నది?" వాళ్లు చెప్పింది రాసుకుని, రిపోర్టుతో పాటు డాక్టర్ దగ్గరికి పంపిస్తాను.